పూటకూటి యిల్లు – పబ్లిక్ హౌసు : సాధారణీకరణదృష్టితో ఒక పరిశీలనము

ఆంగ్లసాహిత్యమున పానశాలకు గల స్థానము విశేషమైనది. చాసరు మహాకవి 14వ శతాబ్ది చివర కూర్చిన కాంటర్‌బరీ కథలు లండను దాపునగల సదర్కులోని టాబర్డను సత్రమున ప్రారంభమగుచున్నవి. షేక్స్పియరు నాల్గవ హెన్రీ నాటకములందు ఫాల్‌స్టాఫునకు ఈస్టుచీపులోని పానశాలయే ఆస్థానము. గోల్డుస్మిత్తు 1770లో ప్రకటించిన 'పాడువడిన పల్లె' యను కావ్యమునందు మతాచార్యుని, బడిపంతులును వర్ణించి, పిమ్మట ఆ వరుసలోనే ఊరి పానశాలను వర్ణించినాడు. మన దేశముననే, బీహారులోని మోతీహారిలో 1903లో జన్మించిన జార్జి ఆర్వెల్లు, 1946 ఫిబ్రవరిలో ఒక సాయంకాలపత్రికలో 'నీటిక్రింది చందమామ' యను పేరుగల పానశాలను గూర్చి చిన్న వ్యాసమును వ్రాసినాడు. ఆంగ్లేయులు పబ్లిక్ హౌసని పిలుచుకొను ఆ యిల్లు ఆఱు శతాబ్దులుగ వారి కవులకును వచనరచయితలకును ప్రీతిపాత్రమై యున్నది. ఈ పరంపరను చదివిన తెలుగు విద్యార్థికి ఒక ప్రశ్న సహజముగ కలుగును: మన సాహిత్యమున ఇట్టి యిల్లేది? ఉన్నచో, దానికి ఇట్టి మనోహరత్వ మేల సిద్ధింపలేదు?

ఈ ప్రశ్న గోదావరీముఖమున మఱింత సహజము. నరసాపురము చెంతనున్న మాధవాయిపాలెము 17వ శతాబ్దిలో ఆంగ్లేయవర్తకుల స్థావరము. మదపొల్లమను వస్త్రనామము ఆ యూరి పేరునుండియే పుట్టినది. దాని కెదుట, వశిష్ఠగోదావరికి తూర్పుగట్టున, కోనసీమ యంచున సఖినేటిపల్లి యున్నది. పబ్లిక్ హౌసు నెఱిగిన జాతియు, పూటకూటియింటి నెఱిగిన జాతియు ఇచట ఒక యేటి వెడల్పు దూరమున నిలిచినవి. ఆ రెండు గృహములను ప్రక్కప్రక్కన నుంచి చూచుట యీ వ్యాసమున మా యుద్దేశము.

మన ప్రశ్నకు వాడుకగ రెండు సమాధానములు వినవచ్చుచుండును. ఇంగ్లండు చలిదేశము కాన అచట నిప్పుగూటి చెంత కూడియుండుట సుఖకరమైనది; మనది ఉష్ణదేశము కాన అట్టి గూటికి కావ్యగౌరవము దక్కలేదని మొదటిది. పానశాల యనగా మద్యశాల. మన ధర్మశాస్త్రములు మద్యమును నిషేధించినవి కాన కవులు దానిని మన్నింపలేదని రెండవది. ఈ రెండును కొంతవఱకు నిజములే. ఐనను ఇవి ప్రశ్నను తీర్పజాలవు.

మొదటిదానికి ఆముక్తమాల్యదయే సమాధానము. విష్ణుచిత్తుని ఆతిథ్యమును వర్ణించు పద్యములలో శ్రీకృష్ణదేవరాయలు వెలుపలి జడివానను, లోపలి వెచ్చదనమును ఎదురెదురుగ నిలిపినాడు. ఆకాశమంతయు నీటిబుగ్గయైన ఆ దినములలో వంట చేయు ఇల్లాలి కన్నులకు పొగ తగులకుండుటకై పొయ్యిలో కొబ్బరిచిప్పలు వాడుట, ఆ పొయ్యిమీద వండిన వరియన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు పొగపిన కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, నెయ్యి – ఈ చిత్రమునందలి సుఖము ఏ నిప్పుగూటి సుఖమునకును తీసిపోదు. వేసవికి చలువ చేయు అంబళ్ళు, ఎడనీళ్ళు. చలికాలమునకు మిరియపుపొడి చల్లిన వేడికూరలు, ముక్కునకెక్కు ఆవపచ్చళ్ళు. కోనసీమవారికి కొబ్బరిచిప్పల మంట యెట్టిదో చెప్పనక్కఱలేదు. కావున గృహాభ్యంతరసుఖమును కావ్యవస్తువుగ గ్రహించుటకు మన యెండ అడ్డురాలేదు.

రెండవదానికి ఆర్వెల్లు సమాధానము చెప్పినాడు. తనకు నచ్చిన పానశాలకు ఉండవలసిన లక్షణములను ఆయన పదిగ లెక్కించినాడు. వానిలో పానీయమునకు సంబంధించినవి స్వల్పము. మాటలు వినబడునట్టి నెమ్మది, రేడియోగాని పియానోగాని లేకుండుట, పనిచేయు స్త్రీలు వచ్చినవారిని పేరెఱిగి పలుకరించుట, మేడమీద చవుకగ భోజనము, పింగాణి పాత్రలు, పిల్లలతో కూడ కూర్చుండదగిన తోట – ఇవి ఆయన కోరికలు. తన కా యిల్లు నచ్చుటకు మొదటి కారణము పానీయము కాదు, అచటి వాతావరణమే యని స్పష్టముగ ననినాడు. చివర, అట్టి పానశాల యెచ్చటను లేదనియు, పదింటిలో ఎనిమిది లక్షణములు గల దొక్కటి మాత్రము తా నెఱుగుదుననియు తెలిపినాడు. లేని యింటిని వర్ణించిన యీ రచనయే ఆంగ్లపానశాలను గూర్చిన రచనలలో మిక్కిలి ప్రసిద్ధమగుట గమనింపదగినది. ఆ మనోహరత్వము గోడలలోను పీపాలలోను కాక మనుష్యుల నడుమ నుండు ఒకానొక సంబంధమున నున్నదని దీనివలన తేలుచున్నది.

ఆ సంబంధమునకు మన అలంకారశాస్త్రమున తగిన పేరున్నది. భట్టనాయకుడు ప్రతిపాదింపగా అభినవగుప్తుడు సంస్కరించి గ్రహించిన సాధారణీకరణమే యది. నాటకము చూచు సామాజికుడు తాను ఫలానావాడ నను భావమును విడిచిననే గాని రసానుభవమునకు పాత్రుడు కాడు. రంగమున నున్న దుఃఖము ఫలానావానిదే యను భావముకూడ తొలగవలెను. అట్లు తొలగిన పిమ్మట చిత్తమునకు కలుగు నిలుకడను అభినవగుప్తుడు విశ్రాంతి యనెను. ఆ విశ్రాంతికి కలుగు విఘ్నములను ఏడింటిని లెక్కించి, వానిలో ఒకటి తన సుఖదుఃఖములందు తాను మునిగియుండుటయని చెప్పినాడు. దానిని తొలగించుటకు వాద్యము, గానము, చిత్రముగ నలంకరించిన మండపము మొదలగునవి ఉపాయములని వివరించినాడు.

పబ్లిక్ హౌసను పేరునకు సాధారణగృహమని తెలుగు చేసినచో ఈ శాస్త్రార్థము దానికి చక్కగ నొప్పును. ఆ యింటి గడప దాటినవాడు తన పొలమును, పదవిని, బాకీని వెలుపల విడిచి, బల్ల చుట్టు కూర్చున్న పదుగురిలో నొకడగును. చెక్కిన కొయ్యపని, పొగచూఱిన దూలములు, రంగుటద్దములు, నిప్పుగూడు – ఇవి అభినవగుప్తుడు చెప్పిన చిత్రమండపస్థానమున నున్నవి. వానికై ఎవరును పానశాలకు పోరు. కాని పోయినవాని చిత్తమును తన చింతనుండి మరల్చుటకు అవి తోడ్పడును. ఆంగ్లేయరచయితలు వర్ణించిన ఆ 'వెచ్చదనము' అగ్నివలన కలిగినది కాదు, సాధారణీకరణమువలన కలిగిన విశ్రాంతి యని మా యభిప్రాయము.

చాసరు కావ్యనిర్మాణమే దీనికి నిదర్శనము. టాబర్డు సత్రమున ఒక వీరుడు, ఒక పిండిమరవాడు, ఒక సన్న్యాసిని, ఒక వడ్లవాడు, బహుభర్తృక యగు ఒక స్త్రీ ఒక్క రాత్రి బస చేయుదురు. వారిని కథలు చెప్పుడని నియమించినవాడు సత్రపు యజమాని హ్యారీ బెయిలీ. పోవునపుడు రెండు, వచ్చునపుడు రెండు కథలు ఒక్కొక్కరు చెప్పవలెను. మేలైన కథ చెప్పినవానికి తిరిగివచ్చిన పిమ్మట ఆ సత్రముననే తక్కినవారందఱి ఖర్చుమీద విందు. ఇందు యజమాని ఔదార్యము కంటె వర్తకబుద్ధియే యెక్కువగ కన్పట్టును. విందు సొమ్ము చేరునది తన పెట్టెకే కదా! ఐనను వీరుని కథ వెంటనే పిండిమరవాని కథ వచ్చుటకు చోటు కల్పించినది ఈ వర్తకుడే. రాజసభలో అట్టి వరుస పొసగదు. సొమ్మిచ్చి కూర్చున్నచోట పొసగినది.

ఇచట ముఖ్యమగు విషయము, వెల. పానశాలలో కూర్చున్నవాడు ఎవరికిని ఋణపడడు. తాను త్రాగినదానికి తాను చెల్లించెను. ఇక ఆ కుర్చీ లేచువఱకు అతనిదే. కృతజ్ఞతాభారము లేదు కావున మాటకు స్వేచ్ఛ కలిగినది. మన సంప్రదాయమునకును ఆంగ్లసంప్రదాయమునకును గల భేదము ఇచటనే యున్నదని మేము చెప్పదలచినాము. చలియు మద్యమును పైపై కారణములు. అన్నమునకు వెల కట్టవచ్చునా యనునదే మూలప్రశ్న.

అన్నవిక్రయము మనకు దోషము. భారతమున ఆరణ్యపర్వమునందలి కలియుగవర్ణనమున జనపదములు అన్నము నమ్ముకొనునని వ్యాఖ్యాతలు అర్థము చెప్పిరి. అన్నదానము పుణ్యములలో మేటి, అన్నవిక్రయము కలిలక్షణము. ఈ రెండు కొసల నడుమ, బాటసారికి నిజముగ అన్నము దొరకిన పూటకూటి యిల్లు కావ్యగౌరవమునకు నోచుకొనక నిలిచిపోయినది. ఆ మాటయందే దాని స్వభావ మున్నది. పూటకూడు అనగా ఒక పూటకు చాలు కూడు, బహువచనమున పూటకూళ్ళు. ఆ యింటితో బాటసారికి గల బంధము ఒక్క పూటది. పూట గడచినచో బంధము తీఱినది. ఈ అల్పకాలికత్వమునే ఆంగ్లసాహిత్యము రమణీయముగ చూచినది. మనము చులుకనగ చూచితిమి.

ఐనను ఒకమాఱు తెలుగుకవి యొకడు ఆ యింటిని ప్రేమతో చూచినాడు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము ననుసరించి వెలసిన క్రీడాభిరామము దీనికి ఆధారము. ఈ వీథి వినుకొండ వల్లభరాయనిదని కొందఱు, శ్రీనాథునిదని కొందఱు వాదించిరి. ఆ చర్చ ఇచట అప్రస్తుతము. గోవింద మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీథులలో తిరుగుచు కోటను, వేల్పులను, పల్నాటి వీరగాథలు పాడు స్త్రీని, మాచల్దేవి చిత్రశాలను చూచుదురు. ఆ తిరుగాటము నడుమ లక్ష్మణవజ్ఝల పూటకూటి యిల్లు వచ్చును. ఒక్క రూకకు అచట దొరకు భోజనమును కవి యొక పద్యమున పట్టికగ నిచ్చినాడు: మేలైన బియ్యపు వంటకము, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, క్రొత్తగ కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు.

ఈ పద్యమును చరిత్రకారులు కాకతీయాంధ్రుల ఆహారపుటలవాట్లకు సాక్ష్యముగ వాడుకొనిరి. విమర్శకులు దీని కావ్యత్వమును విచారించినది తక్కువ. పద్యమంతయు పదార్థముల జాబితా. చివర యింటివాని పేరు, వెల. ఈ క్రమముననే దాని యందము కలదు. విష్ణుచిత్తుని విందున పదార్థములన్నియు దాత భక్తికి విశేషణములగును. ఇచట పదార్థములన్నియు 'రూక' యను చిన్నమాటయొద్దకు వచ్చి నిలుచును. ఇంత భోజనము ఇంత స్వల్పమునకా యను ఆశ్చర్యమును, రూక చేత నున్నవాడు ఎవరికిని తల వంపనక్కఱలేదను తృప్తియు ఆ ముగింపున ధ్వనించుచున్నవి. ఆర్వెల్లు చవుకభోజనమును తన పది లక్షణములలో చేర్చుటకు కారణము ఇదియే. ఓరుగంటి కవికిని లండను రచయితకును ఇచట చేయి కలిసినది.

ఐనను ఈ పద్యమున వడ్డన యున్నది, మాట లేదు. పంక్తిలో ఎవరెవరు కూర్చుండిరో, ఏమి ముచ్చటించుకొనిరో కవి చెప్పలేదు. యజమాని పేరునుబట్టి అది బ్రాహ్మణగృహము. టాబర్డు సత్రమువలె పిండిమరవానికి అచట చోటుండెనని తలచుటకు ఆధారము లేదు. సాధారణీకరణమునకు వెల యొక సాధనము. అది యొక్కటియే చాలదని దీనివలన తెలియును.

క్రీడాభిరామమునుండి కన్యాశుల్కమునకు వచ్చునప్పటికి పూటకూటియింటి స్థితి మాఱినది. 1897లో మొదటికూర్పుగ, 1909లో విస్తృతమైన రెండవకూర్పుగ వెలువడిన యీ నాటకమున విజయనగరపు పూటకూళ్ళమ్మ యొక ముఖ్యపాత్ర. ఆమెకు స్వంతపేరు లేదు, వృత్తియే పేరు. చీపురు చేతబట్టి గిరీశమును వెదకుచు మధురవాణి యింటికి వచ్చిన ఆమెను చూచి ప్రేక్షకులు నవ్వుదురు. విమర్శకులును ఆమెను హాస్యపాత్రగ పరిగణించి ముందునకు సాగిపోవుదురు.

మేము ఈ దృష్టి నంగీకరింపజాలము. నాటకారంభమున గిరీశము స్వగతమునే గమనింపుడు. సంతలో సామాను కొనిపెట్టెదనని ఆమెవద్ద తీసికొన్న ఇరువది రూపాయలు భోగమునకు ఖర్చైనవని యతడే చెప్పుకొనుచున్నాడు. ఆ ఇరువది రూపాయలు ఆమె యింట మఱునాడు పొయ్యి రాజుకొనుటకు పెట్టుబడి. దిక్కులేని స్త్రీ, సంఘము గౌరవింపని వృత్తిలో, పదుగురికి పూటపూటకు అన్నము పెట్టి బ్రదుకుచున్నది. ఆ యింట తిని, ఆ సొమ్మును అపహరించినవాడు స్త్రీజనోద్ధరణమును గూర్చి ఉపన్యాసము లిచ్చుచున్నాడు. కావున ఆమె చేతిలోని చీపురు ప్రహసనసామగ్రి మాత్రమే కాదు. చెల్లని ఖాతాను వసూలు చేయ వచ్చిన వర్తకురాలి అధికారచిహ్నము. హ్యారీ బెయిలీ తన సత్రమున చెప్పిన మాట నడచినది; పూటకూళ్ళమ్మ న్యాయము అడిగినను నవ్వే మిగిలినది. గురజాడ ఈ భేదము నెఱిగియే వ్రాసెనని మేము నమ్ముచున్నాము. నవ్విన తప్పు నాటకముది కాదు, మనది.

ఆ నాటకముననే బైరాగి, హవల్దారు, వీరేశ, మనవాళ్ళయ్య, దుకాణదారు కూడి త్రాగుచు ముచ్చటించు రంగ మొకటి కలదు. శైవుడును వైష్ణవుడును, సర్కారు కొలువువాడును సర్వసంగపరిత్యాగియు ఒక్కచోట కూర్చుండి మతమును, లోకమును చర్చింతురు. ఆంగ్లపానశాలాచిత్రమునకు తెలుగున మిక్కిలి దగ్గఱగ వచ్చిన రంగమిది. కాని గురజాడ దీనిని వ్యంగ్యముతో నింపినాడు. అచటి సమత్వము మైకముతోడనే వచ్చి మైకముతోడనే పోవును. ఇట్లు మన సాహిత్యమున ఒక్క యిల్లు మూడుగ చీలినది. భోజనము పూటకూటింటికి, పానము దుకాణమునకు, సంభాషణము ఊరి రచ్చబండకు పోయినవి. ఆంగ్లేయుని పబ్లిక్ హౌసున ఈ మూడును ఒక్క కప్పుక్రింద నుండుటయే దాని బలము.

ఇక కోనసీమకు వత్తము. ఆతిథ్యమున కోనసీమకు గల కీర్తికి డొక్కా సీతమ్మగారు ప్రతీక. 1841లో జన్మించి 1909లో పరమపదించిన ఆమె లంకలగన్నవరమున వేళయనక, కులమనక ఆకలిగొన్నవారికి అన్నము పెట్టినది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకసందర్భమున ఆమె చిత్రపటమును తెప్పించుకొనిరని ప్రసిద్ధి. ఆమె ఒకప్పుడు అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకై బయలుదేరి, దారిలో, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టునని తమ పిల్లల నోదార్చుచున్న బాటసారుల మాటలు విని, యాత్ర మానుకొని వెనుకకు మరలెనని చెప్పుదురు. దైవదర్శనముకంటె అతిథి భోజనము ముఖ్యమని తలచిన యీ కథకు సాటి కథ ఆంగ్లపానశాలాసాహిత్యమున మాకు కన్పట్టలేదు.

ఐనను తారతమ్యవిచారమున ఒక మాట చెప్పక తప్పదు. సీతమ్మగారి యింట సంబంధము దాతకును గ్రహీతకును నడుమ నున్నది. అచట భోక్త నమస్కరించి లేచును. ఆ నమస్కారము న్యాయమే. పూటకూటింట భోక్త డబ్బిచ్చి లేచును. మొదటియింట కన్పట్టునది దాత మహత్త్వము. రెండవయింట నిలుచునది అతిథి స్వాతంత్ర్యము. ఒకదానిని కొనియాడుటకై రెండవదానిని నిందించుట మన సాహిత్యసంప్రదాయము చేసిన యన్యాయము. మహాత్ములు అరుదుగ పుట్టుదురు. ఆకలి ప్రతిపూట పుట్టును. ప్రతిపూట పుట్టు ఆకలికి ప్రతిపూట తెఱచియుండు ఇల్లు కావలెను.

ఆ దారి కొనయే సఖినేటిపల్లి. నరసాపురమువైపునుండి మాఘమాసమున అంతర్వేది కల్యాణమునకు, భీష్మైకాదశి రథోత్సవమునకు పోవు యాత్రికులకు ఇది గోదావరి దాటిన చోటు. రేవు స్వభావమే వేచియుండుట. పంటు ఆవలిగట్టున నున్నంతసేపు రైతైనను, ఉద్యోగియైనను, చేపలగంప దించుకొన్న స్త్రీయైనను ఒక్క తీరుననే వేచియుండవలెను. ఎంతటివాడైనను ఏటిపై నడచిపోజాలడు. కావుననే రేవుచెంతనున్న కాఫీహోటలు, టీకొట్టు, దాని ముంగిటి బల్ల – వీనికి టాబర్డు సత్రపు లక్షణము సహజముగ అబ్బినది. ప్రయాణము వారిని కూర్చినది, టీ వెల వారికి చోటిచ్చినది, వేచియుండుట వారికి మాట నిచ్చినది. ఇచట మద్యము లేదు, నిప్పుగూడు లేదు, గోదావరిగాలి కలదు. అయినను పబ్లిక్ హౌసునకు ప్రాణమని మేము పేర్కొన్నది ఇచట నున్నది. మూడుగ చీలిన యిల్లు మరల ఒక్కటిగ కూడుటకు తగిన తావు రేవేయని మా భావము.

ఈ మాటను నిండుమనసుతో చెప్పుటకు ముందు ఒక విఘ్నమును విచారింపవలెను. సాధారణగృహమని పేరు పెట్టుకొన్నంత మాత్రమున గృహము సాధారణము కాదు. మన కోస్తాజిల్లాల పల్లెలలో పలుచోట్ల టీకొట్లలో దళితులకు వేఱుగ గ్లాసు పెట్టెడి ఆచారము స్వాతంత్ర్యానంతరమును చాలకాలము సాగినది. వెల యొక్కటే, పానీయ మొక్కటే, గ్లాసు వేఱు. 1950లో అమలులోనికి వచ్చిన భారతరాజ్యాంగము 15వ అధికరణమున దుకాణములను, భోజనశాలలను, హోటళ్ళను ప్రత్యేకముగ పేర్కొని, కులమునుబట్టి గాని మతమునుబట్టి గాని లింగమునుబట్టి గాని ఎవరికిని ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది. ప్రజలు తమ మూలశాసనమున భోజనశాల పేరు వ్రాసికొనవలసి వచ్చినదన్నచో, ఆ గడపయొద్ద జరిగిన అవమానము ఎంతటిదో ఊహింపవచ్చును.

ఆంగ్లపానశాలయు ఈ దోషమునకు అతీతము కాదు. ఒక్క కప్పుక్రిందనే శ్రామికులకు ఒక గది, దొరలకు మఱియొక గది యుండెడివి. 1964లో బ్రిస్టలు నగరమునందలి ఒక పానశాలలో పాల్ స్టీఫెన్‌సను అను నల్లజాతీయునికి పానీయ మిచ్చుటకు నిరాకరింపగా, అతడు కదలక కూర్చుండి నిర్బంధింపబడినాడు. ఆ కేసు కొట్టివేయబడినది. మఱుసటియేడు, 1965లో, బహిరంగస్థలములలో వర్ణవివక్షను నిషేధించు శాసనము బ్రిటనున వచ్చినది. లండను ఫ్లీటువీథిలోని ఎల్ వీనో యను మద్యశాలలో స్త్రీలు ముందుబల్లయొద్ద నిలిచి కొనుటకు వీలులేదను నియమము 1982లో న్యాయస్థానపు తీర్పుతో గాని తొలగలేదు. ఆర్వెల్లు వర్ణించిన ఆ నెమ్మది యెవరిని బయట నుంచుటవలన లభించినదో యని అడుగక ఆ వ్యాసమును చదువుట చాలదు.

మనయింట ఇంకొక సాక్ష్యమున్నది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో స్త్రీలు సారాదుకాణమును ఎదిరించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993లో సారానిషేధమునకును, 1995లో సంపూర్ణమద్యనిషేధమునకును దారితీసినది. ఆ సంపూర్ణనిషేధము 1997లో సడలింపబడినది. దుకాణములోని పురుషునకు అది విశ్రాంతిస్థానము కావచ్చును. ఇంటియొద్ద కూలిడబ్బులకై చూచుచున్న స్త్రీకి అది తన పొయ్యిని ఆర్పిన చోటు. గురజాడ దుకాణరంగమును వ్యంగ్యముతో నింపుటకు గల ఔచిత్యమును ఈ స్త్రీలు వేఱొక విధమున చాటిరి. ఒకరి విశ్రాంతి మఱియొకరి ఆకలిపై నిలిచినచో దానిని రమణీయమని వర్ణించు కవి రసభంగమునకు పాలుపడినవాడగును.

ఈ విచారమువలన తేలిన విషయములను సంగ్రహింతము. ఆంగ్లపానశాల మనోహరత్వమునకు మూలము సాధారణీకరణము. దానికి సాధనములు వెలయు, వేచియుండుటయు, సంభాషణమును. దానికి విఘ్నము ప్రవేశనిరాకరణము. తెలుగుసాహిత్యమున ఆముక్తమాల్యద వెచ్చదనము నిచ్చినది. క్రీడాభిరామము వెల నిచ్చినది. కన్యాశుల్కము సంభాషణమును, దానితోపాటు సంఘపు చులుకనచూపును చూపినది. ఈ మూడును ఒక్క కృతియందు కూడిరాలేదు. దీనికి కవుల శక్తిలోపము కారణము కాదు. అన్నమును అమ్ముకొని బ్రదుకువారిని గౌరవింపని సంఘమున అట్టి కృతి వెలయుట కష్టము.

కావున సాహిత్యవిద్యార్థులకు మా విన్నపమిది. క్రీడాభిరామపద్యమును వంటకముల జాబితాగ మాత్రమే చదువక, ఆ జాబితా చివరనున్న రూకకు గల గౌరవమును గుర్తింపుడు. కన్యాశుల్కమును బోధించునపుడు పూటకూళ్ళమ్మ ఇరువది రూపాయలను మఱువకుడు. పాతకాలపు పానశాలల సొగసును గూర్చి ఆంగ్లగ్రంథములలో చదువునపుడు, దూలములను నిప్పుగూటిని చూచి మురియుటకు ముందు, బల్లయొద్ద ఎవరు కూర్చుండిరో, గడపయొద్ద ఎవరు నిలిచిపోయిరో లెక్కింపుడు. రేవులలో, సంతలలో, బస్సులు నిలుచు కూడళ్ళలో టీ కాచుచు, పూటకూళ్ళు వండుచు బాటసారికి చోటిచ్చువారి యిండ్లను మన రచయితలు దయతో గాక, హాస్యముతో గాక, సమానదృష్టితో చిత్రించిననాడు పబ్లిక్ హౌసునకు దీటైన తెలుగుగృహము మన సాహిత్యమున వెలయును. అందు వచ్చినవారందఱకు ఒక్కటే గ్లాసు, వెల చెల్లించినవారందఱకు ఒక్కటే బల్ల యుండవలెను.